చికాకు ప్రేగుల వ్యాధి: రోగికిని వైద్యశాలకును కలుగు భారము

ప్రాణము తీయని జబ్బు చిన్న జబ్బని లోకులు తలంతురు. ప్రాణమునకు అపాయము కలిగింపకయే మనుష్యుని పనికి, ప్రయాణమునకు, పంక్తిభోజనమునకు దూరము చేయు వ్యాధి యొకటి కలదు. దానిని వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనియు, సంగ్రహముగా ఐ.బి.ఎస్. అనియు వ్యవహరింతురు. తెలుగున చికాకు ప్రేగుల వ్యాధి యనవచ్చును. భారత జీర్ణకోశ వైద్యుల సంఘమువారు 2008లో ప్రకటించిన పరిశీలనలో సాధారణ ప్రజలలో నూటికి సుమారు నలుగురియందు ఇది కానవచ్చినది.

పుదుచ్చేరి పట్టణమునకు వైద్యమునందు ప్రాచీనమైన పేరు గలదు. 1823లో ఫ్రెంచి ప్రభుత్వము అచట నెలకొల్పిన వైద్యపాఠశాల కాలక్రమమున పెరిగి, 1964లో జిప్మర్ అను పేరు దాల్చినది. ఈ సంస్థకును, పట్టణమందలి ఇందిరాగాంధీ ప్రభుత్వ వైద్యశాలకును చుట్టుప్రక్కల తమిళ జిల్లాలనుండియే గాక, అదే కేంద్రపాలిత ప్రాంతమునకు చెందిన తెలుగు పట్టణమగు యానామునుండియు రోగులు వచ్చుచుందురు. యానాము అచ్చటికి 800 కిలోమీటర్లకు పైబడిన దూరమున, గౌతమీతీరమున నున్నది. ఏ క్షణమున మరుగుదొడ్డికి పోవలసివచ్చునో యను భయము గల రోగికి అంతటి ప్రయాణమే యొక పరీక్ష. ముందు పూటనుండియే అన్నము మానుకొని బయలుదేరువారు కలరు.

వ్యాధి స్వభావము

ఈ వ్యాధిలో ప్రేగులయందు పుండుగాని గడ్డగాని ఉండదు. ప్రేగుల కదలికయు, మెదడునకును ప్రేగులకును నడుమ నాడులద్వారా జరుగు వర్తమానములును క్రమము తప్పును. ఇతరులకు తెలియనైన తెలియని వాయువు కదలిక ఈ రోగికి నొప్పియై తోచును. ఆ నొప్పి నిజమైనది, కల్పన కాదు. కొందరికి విరేచనములు, కొందరికి మలబద్ధము, మరికొందరికి రెండును మార్చి మార్చి కలుగును. కలుషితాహారమువలన విరేచనములు పట్టిన పదిమందిలో సుమారొకరికి ఈ బాధ పిమ్మట నిలిచిపోవుచుండును.

2016లో వెలువడిన రోమ్ నిర్ణయసూత్రముల చొప్పున, గడచిన మూడు నెలలలో వారమునకు ఒక దినమైనను కడుపునొప్పి యుండవలెను. ఆ నొప్పి మలవిసర్జనతో సంబంధించుట, విరేచనముల సంఖ్య మారుట, మలము యొక్క గట్టితనము మారుట అను మూడింటిలో రెండైనను కనబడవలెను. బాధ మొదలై ఆరు నెలలైనను గడచి యుండవలెను.

భారము పెరుగు విధము

పరీక్షలలో దోషమేమియు కానరానప్పుడు “నీకేమియు లేదు” అని రోగిని పంపివేయుట కలదు. నొప్పి తనకు తెలియును గనుక రోగి ఆ మాట నమ్మడు. మరియొక వైద్యుని కడకు పోవును. అచ్చట అమీబా యని మాత్రలు, వేరొకచోట మరల స్కానింగు. కొందరికి అవసరము లేకయే పిత్తాశయమో, అపెండిక్సో తీసివేయబడును. నొప్పి మాత్రము తిరిగివచ్చును. కూలి పోవును, అప్పు పెరుగును, క్యాన్సరేమో యను దిగులు నిద్ర చెరచును. దిగులు వలన ప్రేగుల బాధ హెచ్చును. వైద్యశాలలో ఎండోస్కోపీ వరుస పొడవగును. నిజముగా త్వరపడి చూడవలసిన రోగి వెనుకబడును. ఈ భారములో పెద్దభాగము ఇట్లు తిరుగుటవలన కలుగునదే.

ఉపేక్షింపరాని గుర్తులు

మలములో రక్తము, కారణము లేక బరువు తగ్గుట, జ్వరము, రక్తహీనత, నిద్రనుండి లేపు విరేచనములు, 50 ఏండ్లు దాటిన పిదప క్రొత్తగా మొదలైన బాధ, కుటుంబములో పెద్దప్రేగు క్యాన్సరు — వీనిలో ఒకటి యున్నను వెంటనే పూర్తి పరీక్ష జరుగవలెను. మన దేశమున ప్రేగుల క్షయ కూడ తొలుత ఇట్లే తోచవచ్చును.

చేయవలసినవి

వేళకు మితముగా భుజింపవలెను. కాఫీ, కారము, వేపుడులు తగ్గింపవలెను. పాలు, ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు కొందరికి ఉబ్బరము కలిగించును. వీనిని ఒక్కొక్కటిగా కొలదిదినములు మాని చూడవలెను. పథ్యము పేరిట అన్నిటిని ఒక్కసారి మానినచో శరీరము క్షీణించును. ఇసపగోలు కొద్దికొద్దిగా ప్రారంభించి, నీటితో పుచ్చుకొనుట పలువురకు మేలు చేయును. ప్రతిదినమును నడక అవసరము. మనోవ్యాకులతకు వాడు మందును వైద్యుడు స్వల్ప మోతాదున ఇచ్చినయెడల, తన్ను పిచ్చివానిగా నెంచినారని రోగి నొచ్చుకొనరాదు. ప్రేగుల నాడులలోని నొప్పిని తగ్గించుటకే అది ఈయబడును.

ఒక్కసారి సరియైన పరీక్ష జరిగి, వ్యాధి స్వభావమును వైద్యుడు నెమ్మదిగా వివరించినచో రోగి భయము సగము తీరును. పిమ్మట పరీక్షల కాగితములన్నియు భద్రపరచుకొని, సమీపమున నున్న ఒకే వైద్యుని సలహాను అనుసరించుట మంచిది. యానామునందు 2024లో జిప్మర్ వారి బహువిభాగ సంప్రదింపు కేంద్రము ప్రారంభమైనది; అచ్చటివారు దూరప్రయాణమునకు పూనుకొనుటకు ముందు అందు విచారింపవచ్చును.