రవ్వల దుద్దులు, ఎలక్ట్రాన్ వెలుగు

మా అమ్మాయి పెళ్ళి కుదిరాక, మా అత్తగారు ఏడురాళ్ళ రవ్వల దుద్దులు తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టారు. 1948లో వాళ్ళ అమ్మగారు కొన్నవి. ఆ మధ్య ఇండియా వెళ్ళినప్పుడు కట్టు వదులైందని తిరిగి కట్టించారు. అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే అనుమానం, రాళ్ళు మార్చేశారేమోనని.

"మైక్రోస్కోపులతోనే కదా మీ ఉద్యోగం, చూసి చెప్పలేరా?" అంది మా ఆవిడ, బేసింగ్‌స్టోక్‌లో మా వంటింటి బల్ల దగ్గర.

ఊరికే చూస్తే తెలియదు. యంత్రంలో పెంచిన వజ్రం కూడా వజ్రమే. అదే కార్బన్, అదే గట్టిదనం, అదే మెరుపు. ఎలక్ట్రాన్లతో కొట్టి దాని చేతే నిజం చెప్పించాలి.

పాత పిక్చర్ ట్యూబు టీవీలు గుర్తున్నాయా? ఎలక్ట్రాన్లు వచ్చి తెరకు పూసిన పొడిని తాకితే అది వెలిగేది. దాని పేరే కాథోడోలూమినెసెన్స్. దూరదర్శన్‌లో రామాయణం చూసింది ఆ వెలుగులోనే! 1879లో విలియం క్రూక్స్ గాలి తీసేసిన గాజుగొట్టంలో రకరకాల పదార్థాలు పెట్టి చూసి, అన్నిటిలోకీ వజ్రమే బాగా వెలుగుతుందన్నాడు.

మామూలు మైక్రోస్కోపు సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీయలేదు. మరి ఇక్కడా వచ్చేది వెలుగే కదా అంటారేమో. రాత్రిపూట కొండమీంచి చూస్తే ఊళ్ళో దీపాలన్నీ అలుక్కుపోయి కనిపిస్తాయి. కానీ ఒకడు ఇంటింటికీ వెళ్ళి తలుపు తడుతూ, ఒక్కో ఇంట్లోనే దీపం వెలిగిస్తున్నాడనుకోండి. వాడు ఏ గుమ్మం ముందున్నాడో మనకు తెలుసు కనుక, దీపం మసగ్గా ఉన్నా అది ఎవరిదో తెలిసిపోతుంది. ఆ తలుపు తట్టేవాడే ఎలక్ట్రాన్ పుంజం. దాని మొన కొన్ని నానోమీటర్లే. అయితే ఎలక్ట్రాన్లు రాతిలోకి దూరి చెదిరిపోతాయి, అందుకని వోల్టేజి తగ్గిస్తాం. తగ్గిస్తే వెలుగూ తగ్గుతుంది. ఆ బేరంలోనే మా ఉద్యోగం గడిచిపోతుంది.

అలా వచ్చిన బొమ్మలో వజ్రం పెరిగిన తీరు కనిపిస్తుంది. భూమిలో పెరిగితే చెట్టు మానులో వలయాల్లాంటి పొరలు. అధిక పీడనంతో యంత్రంలో పెంచితే శిలువలా విడిపోయిన భాగాలు. మన కృష్ణా తీరంలో, కొల్లూరు వైపు దొరికిన గోల్కొండ రకం మేలిమి రాళ్ళలో నైట్రోజన్ దాదాపు ఉండదు. అలాంటివి వలలాంటి నీలి గీతలతో వెలుగుతాయి. లండన్ టవర్‌లోని కోహినూరు కూడా ఆ వైపుదే అంటారు. దాన్ని పరీక్షించమని మనల్నెవరూ అడగరనుకోండి.

మాకొక సుళువుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు యంత్రంలో వజ్రం చేసింది 1954 డిసెంబరులో. కనుక 1948 నాటి దుద్దుల్లో అలాంటిది ఒక్కటి కనిపించినా, అది తరవాత చేరిందే.

కట్టులో ఉన్న రాళ్ళను మా పరికరంలో పెట్టడం కుదరక, లండన్‌లో పరీక్ష చేయించాం. వాళ్ళు ఎలక్ట్రాన్ల బదులు అతినీలలోహిత కిరణాలు వాడారు; బయటపడే గీతలు దాదాపు అవే. పదమూడింట్లో పొరలు కనిపించాయి. ఒక్కదాంట్లో శిలువ.

వాటర్లూ నుంచి వచ్చే రైల్లో మా ఆవిడ మాట్లాడలేదు. బేసింగ్‌స్టోక్‌లో దిగాక, "అమ్మకి చెప్పకండి" అంది.

అమ్మాయికి మాత్రం చెప్పాం. ఏ రాయో చూపించమంది. ఎడమ దుద్దులో అడుగున ఉన్నది. మార్పిద్దామంటే ఒప్పుకోలేదు. "అదొక్కటే నా ఈడుది నాన్నా, ఉండనీ" అంది.