ఎడారి యుద్ధాన్ని మోసిన కాలువ

మొదటి ప్రపంచ యుద్ధంలో మన సైనికులు అన్నిటికంటే ఎక్కువగా వెళ్లిన రంగం మెసపొటేమియా, అంటే నేటి ఇరాక్. ఆ యుద్ధం మాట రాగానే ఇసుక దిబ్బలు, ఒంటెలు, కుట్ ముట్టడి గుర్తుకొస్తాయి. బస్రా ఊళ్లోంచి షత్ అల్ అరబ్ నదిలో కలిసే అషార్ కాలువను తలచుకునేవారు అరుదు. తలచుకోకపోతే ఆ యుద్ధం సగమే అర్థమవుతుంది.

అపోహ: అది ఎడారిలో జరిగిన యుద్ధం.

వాస్తవం: 1914 నవంబరులో భారత సైన్యం బస్రాలో అడుగుపెట్టినప్పుడు ఎదురైనవి బురద, వరదనీళ్లు, ఖర్జూర తోటలు. లోపలికి రైలు లేదు, బరువు బండ్లు నడిచే రోడ్డు లేదు. పాత బస్రా నదిగట్టున లేదు, దాదాపు మూడు కిలోమీటర్లు లోపలికి ఉంది. నదిగట్టున ఉన్నది అషార్ పేట. రెండింటినీ కలిపేది ఈ కాలువే. కోనసీమ వాళ్లు ఆ నేలను చూస్తే తమ ఊరి పంటకాలువలే గుర్తొస్తాయి, ఒక్క తేడాతో: అక్కడ సముద్రపు పోటు నది నీటిని రోజుకు రెండుసార్లు వెనక్కి తోస్తుంది, కాలువలు నిండుతాయి, తోటలు తడుస్తాయి. ఆటు వేళకు బురద తేలుతుంది. సైన్యం సరుకు కూడా ఆ వేళలు చూసుకునే కదలాలి.

అపోహ: ఆ సైన్యాన్ని నడిపినవి ఆవిరి పడవలే.

వాస్తవం: టైగ్రిస్ నది మీద పైకి పోవడానికి ఆవిరి పడవలే ఆధారం, నిజమే. కానీ అవి చాలినన్ని ఎప్పుడూ లేవు. కాలువల్లో తిరిగినవి బెలమ్‌లు. సన్నగా, పొడవుగా, అడుగు బల్లపరుపుగా ఉండే ఈ స్థానిక పడవలు లోతులేని నీటిలో కూడా గెడతో సాగిపోతాయి. అషార్ కాలువలో వీటి రద్దీ యుద్ధానికి ముందూ ఉంది, యుద్ధంలో మరీ పెరిగింది. మన సిపాయిలు గెడ వేయడం నేర్చుకున్నది కూడా వీటిమీదే. 1915 మే 31న బస్రాకు ఎగువన కుర్నా దగ్గర వరద నిండిన మైదానంలో బ్రిటిష్ సేనాని టౌన్షెండ్ చేసిన దాడికి వందలాది బెలమ్‌లు బయలుదేరాయి. తూటాలు తగలకుండా కొన్నిటికి ఇనుప రేకులు బిగించారు. రెల్లుగడ్డిలో ఆ రేకులే అడ్డం పడ్డాయి. దాడి మాత్రం ఫలించింది, నాలుగు రోజుల్లోనే అమారా పట్టణం చేతికొచ్చింది. ఆంగ్ల పుస్తకాలు దీన్ని పడవల పందెంగా సరదాగా పిలుస్తాయి. చంకలో తుపాకీ, చేతిలో గెడ, ఎదుట తుర్కీ కాల్పులు ఉన్నవాడికి అందులో సరదా ఏముంటుంది?

అపోహ: తర్వాత కుట్ పట్టణంలో తుర్కుల ముట్టడిలో చిక్కిన టౌన్షెండ్ దళాన్ని కాపాడలేకపోవడానికి కారణం యుద్ధభూమిలో ఓటమి ఒక్కటే.

వాస్తవం: ఆ ఓటమిలో పెద్ద భాగం బస్రా రేవులోనే మొదలైంది. పెద్ద ఓడలు ఆనడానికి అక్కడ గట్టు లేదు. నది మధ్యలో లంగరేసిన ఓడ నుంచి పడవల్లోకి, పడవల నుంచి ఒడ్డుకు ప్రతి మూటా మనుషుల చేతుల మీదుగానే దిగాలి. ఓడలు వారాల తరబడి నిలిచిపోయాయి. 1916 తొలి నెలల్లో సాయానికి వచ్చిన దళాలు పడవలు లేక బస్రాలోనే ఆగిపోగా, నది ఎగువన ఉన్నవారు చాలీచాలని బలంతో పోరాడారు. ముట్టడిని ఛేదించబోయి సుమారు 23,000 మంది చనిపోవడమో, గాయపడటమో జరిగింది. ఏప్రిల్ 29న కుట్ లొంగిపోయింది. ఈ యుద్ధంపై బ్రిటన్ వేసిన విచారణ సంఘం 1917లో వెలువరించిన నివేదిక కూడా రవాణా లోపాన్ని గట్టిగా ఎత్తిచూపింది.

బస్రా రేవును చక్కదిద్దడానికి పిలిపించినవారిలో జార్జ్ బుకానన్ ఒకరు. అంతకుముందు ఆయన రంగూన్ రేవు ఇంజనీరు. ఆ రంగూన్ రేవులో మూటలు మోసినవారిలో తెలుగు కూలీలే ఎక్కువ. తర్వాత అషార్‌కు ఎగువన మాగిల్‌లో గట్లు కట్టారు, రైలుమార్గం వేశారు. మోత పని కోసం భారతదేశపు జైళ్ల నుంచి కూడా ఖైదీలను తెచ్చారు.

ఆ మాగిల్‌లోనే 1929లో బస్రా స్మారకం కట్టారు. 1997లో దాన్ని నాసిరియా వైపుకు తరలించారు. సమాధి దొరకని 40,000 మందికి పైగా అమరులకు అది గుర్తు. బ్రిటిష్ సైనికుల పేర్లు దాని మీద చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలను వారి దళం పేరు కింద సంఖ్యలుగానే వదిలేశారు.