పట్టుకోవడం సరే, వదలడానికీ శక్తి కావాలా?

అర్ధరాత్రి పిక్క పట్టేసినప్పుడు చేత్తో తడిమి చూడండి, రాయిలా ఉంటుంది. చిన్నప్పుడు నాకలా అయితే మా అమ్మ లేచి, నా కాలివేళ్ళను మోకాలి వైపు వంచి గట్టిగా పట్టుకునేది. కాసేపటికి ఆ ముడి మెల్లగా జారిపోయేది. అసలు లోపల బిగుసుకున్నదేమిటి?

ఉడికిన కోడి రొమ్ము ముక్కను వేళ్ళతో చీల్చితే పీచులు పీచులుగా ఊడొస్తుంది కదా, ఒక్కో పీచూ ఎన్నో కండర పోగుల కట్ట. పోగు వెంట్రుకంత సన్నం, ఒక్కోటీ ఒకే కణం. కొన్ని సెంటీమీటర్ల పొడవున్నవీ ఉంటాయి. ఆ పోగులో ఇంకా సన్నని నూలు లాంటివి వందల కొద్దీ, వాటి పొడవునా గదులు. ఒక్కో గది పొడవు మిల్లీమీటరులో సుమారు 400వ వంతు. అసలు పని జరిగేది అక్కడే. ప్రతి గదిలోనూ ఆక్టిన్ అనే సన్న దారాలూ, మయోసిన్ అనే లావు దారాలూ ఒకదాని సందులో ఒకటి ఉంటాయి. మయోసిన్ దారం నిండా బుల్లి తలలు.

కండ పొట్టిదైతే ఈ దారాలూ ముడుచుకుంటాయనుకోవడం సహజం. అలా కాదని 1954లో తేలింది. శాస్త్రవేత్తలు ఆండ్రూ హక్స్‌లీ, నీడెర్గెర్కె ఒక జట్టు. హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరో జట్టు (ఆ హక్స్‌లీలిద్దరికీ చుట్టరికం లేదు). దారాల పొడవు మారదు, ఒకదాని మీదుగా ఒకటి జారతాయంతే అని రెండు జట్లూ విడివిడిగా చెప్పాయి.

ఎలా జారతాయి? బావిలో నీళ్ళు తోడేటప్పుడు చేంతాడును ఎలా లాగుతాం? ఒక చెయ్యి పట్టి లాగుతుంది, వదిలి, ముందుకు జరిగి మళ్ళీ పడుతుంది. మయోసిన్ తలలదీ అదే పని. మామూలప్పుడు ఆక్టిన్ మీద వాటికి పట్టు దొరకదు, చోటు మూసి ఉంటుంది. నరం నుంచి కబురు రాగానే కణంలో దాచి ఉన్న కాల్షియం బయటికొచ్చి ఆ మూత తొలగిస్తుంది. తలలు పట్టుకుంటాయి, లాగుతాయి.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఆ తర్వాతి అడుగు. పట్టిన తల వదలాలంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు వచ్చి తగలాలి. అది విరిగితే తల మళ్ళీ ఎక్కుపెట్టిన విల్లవుతుంది. కాల్షియాన్ని తిరిగి లోపలికి తోడడానికీ ఏటీపీయే కావాలి. ఈ ఏటీపీని కండరంలో కనుగొన్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో దాన్ని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా.

ఏటీపీ అయిపోతే ఏమవుతుందో మన పెద్దలకు అనుభవంతో తెలుసు. ప్రాణం పోగానే దవడకు గుడ్డ కట్టి, కాళ్ళు చాపి, బొటనవేళ్ళు కలిపి కట్టేస్తారు. కొన్ని గంటలు ఆలస్యమైతే వంచుదామన్నా శరీరం వంగదు. పట్టిన తలలకు వదిలే శక్తి లేదు. మళ్ళీ సడలేది ఒకటి రెండు రోజులకు, ఆ దారాలే శిథిలమవడం మొదలయ్యాక.

పిక్క పట్టినప్పుడు ఏటీపీకి కరువు లేదు, నరమే ఆపకుండా కబురు పంపుతుంటుంది. వేళ్ళు వంచితే పిక్కను మడమకు కలిపే తాడు సాగుతుంది, ఆ లాగుడు వెన్నుపాముకు తెలిసి కబుర్లు తగ్గుతాయని వైద్యులు చెబుతారు. అమ్మకు ఇదంతా ఎవరూ చెప్పలేదు. వేళ్ళు మాత్రం సరిగ్గా అటే వంచేది.