నౌపడ–గుణుపురం చిన్న రైలు: ఛాయాచిత్రం ఆధారమయ్యేదెప్పుడు?

రైలు బండ్లను, ఇంజన్లను, పెట్టెలను ఛాయాచిత్రాలుగా తీసి పదిమందితో పంచుకొనే అభిరుచి గలవారు దేశమంతటా ఉన్నారు. ఒక్క బండి కోసం వంతెన దగ్గర గంటల తరబడి వేచి ఉండే వీరిని చూసి నవ్వేవారూ లేకపోలేదు. వీరి శ్రమ విలువ ఎంతటిదో ఆంధ్ర–ఒడిశా సరిహద్దు వాసులకు నౌపడ–గుణుపురం మార్గమే చెబుతుంది.

పర్లాకిమిడి పాలకులు గౌరచంద్ర గజపతి వేయించిన ఈ మార్గం 1900లో నౌపడ, పర్లాకిమిడిల మధ్య ప్రారంభమైంది. పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులు, అనగా 762 మిల్లీమీటర్లు మాత్రమే. 1931 నాటికి గుణుపురం చేరి, మొత్తం సుమారు 90 కిలోమీటర్లయింది. అప్పటికి ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు టెక్కలి, పాతపట్నం ఇటు, పర్లాకిమిడి, గుణుపురం అటు నిలిచాయి. బండి మాత్రం హద్దును పట్టించుకోక ఎప్పటివలెనే నడిచింది. 2004 జూన్‌లో గేజి మార్పిడి కోసం దానిని నిలిపివేశారు. 2011లో బ్రాడ్‌గేజి బండి గుణుపురం చేరింది. ప్రయాణికులకు మేలే జరిగింది, సందేహం లేదు. కాని ఆ ఇరుకు పట్టాలను, పొట్టి పెట్టెలను అవి నడిచిన చోటనే మళ్లీ చూడాలంటే నేడు చిత్రాలే దిక్కు.

చిత్రాలన్నీ సమానం కావు. ఊరు, తేదీ, ఇంజను సంఖ్య తెలియని చిత్రం అందంగా ఉండవచ్చును గాని, చరిత్రకారునికి అంతగా ఉపకరించదు. అనుభవజ్ఞులు ముందుగా చూసేది ఇంజనుపై వ్రాసిన అక్షరాలనే. జెడ్‌డిఎం అని ఉంటే జెడ్ రెండున్నర అడుగుల గేజికి, డి డీజిలుకు, ఎం ప్రయాణికుల, సరకు బండ్లు రెండింటికీ పనికివచ్చుటకు గుర్తులు. బ్రాడ్‌గేజి ఇంజనుకు డబ్ల్యు, మీటరుగేజికి వై ఉంటాయి. ఇంజను ఏ షెడ్డుకు చెందినదో దాని ఒంటిపైనే వ్రాసి ఉంటుంది. బ్రాడ్‌గేజి పెట్టె సంఖ్యలో మొదటి రెండు అంకెలు సాధారణంగా అది తయారైన సంవత్సరాన్ని తెలుపుతాయి. అందుకే అందం కోసం అంకెలున్న అంచును కత్తిరించడం తెలివితక్కువ పని.

సరిహద్దు మార్గంలో మరొక ఆనవాలు కూడా దొరుకుతుంది. స్టేషను పేరు పలకపై హిందీ, ఆంగ్లములతో పాటు రాష్ట్ర భాష ఉండుట రివాజు. పేరు చెరిగిపోయినా, మిగిలిన నాలుగు అక్షరాలు తెలుగువో ఒడియావో గుర్తిస్తే చిత్రం హద్దుకు ఏ వైపు తీసినదో ఊహించవచ్చును.

ఆవిరి ఇంజన్ల చిత్రాలలో మంచివి ఎక్కువగా శీతకాలపు ఉదయాలలో తీసినవే. చల్లని గాలిలో ఆవిరి వెంటనే సన్నని నీటి తుంపరలుగా మారి తెల్లగా కంటికి కనబడుతుంది. మండుటెండలో అది కానరాదు. ఇప్పటి యువకులు పట్టాల మధ్య నిలిచి ఇంజనుకు వీపు చూపుతూ తీసుకొనే చిత్రాలను మాత్రం ఈ కోవలో చేర్చరాదు. అది ప్రాణాంతకం, చట్టరీత్యా నేరం కూడా.

పాత కాగితపు చిత్రాలున్నవారు వెనుకవైపు మెత్తని పెన్సిలుతో వివరాలు వ్రాసి, ఆ వెనుకవైపును కూడా స్కాన్ చేయించుకొనడం మంచిది. రంగుల చిత్రాలు వెలిసిపోతాయి. ఆ మార్గంలో పనిచేసిన గార్డులు, డ్రైవర్లు, గ్యాంగ్‌మన్లు కూడా వృద్ధులవుతున్నారు. పేరు తెలియని మలుపునో వంతెననో చూపి అడగవలసినది వారినే.