విరిగిన ఉక్కు షాఫ్టును అతుకుట

బెల్లము వండు కాలమున చెరకు గానుగ షాఫ్టు విరిగినచో రైతునకు కలుగు నష్టము షాఫ్టు వెలతో పోదు. నరికిన చెరకు ఎండును, రసము తగ్గును, పొయ్యి చల్లారును. కనుక సదుం, పుంగనూరు ప్రాంతముల రైతు వెంటనే వెల్డింగు దుకాణమునకు పోవుట సహజము. కాని తొందరలో వేసిన అతుకు నిలువదు. పెక్కుసార్లు అతుకు చెక్కుచెదరకుండగనే దాని ప్రక్క ఉక్కు విరుగును.

ఇట్లేల జరుగును? కారణము కమ్మరి కొలిమిలోనే కలదు. ఎర్రగా కాల్చిన కొడవలిని నీట ముంచిన గట్టిపడును, దానితోపాటు పెళుసగును. వెల్డింగులోను ఇదియే జరుగును. అతుకు ప్రక్క ఉక్కు ఎర్రబారగనే, దాని వెనుకనున్న చల్లని ఉక్కు ఆ వేడిని క్షణములలో లాగివేయును. షాఫ్టు ఉక్కులో కార్బను నూటికి సుమారు 0.4 పాళ్లుండుటచే అచట పెళుసైన పొర ఏర్పడును. చెమ్మగల ఎలక్ట్రోడు నుండి హైడ్రోజను అందు చేరినచో, పని ముగిసిన కొన్ని గంటలకైనను బీట వారవచ్చును.

కావున ఈ క్రమమును పాటింపవలెను:

1. జిడ్డును, త్రుప్పును తొలగించి, విరిగిన మొనలను ఇరువైపుల ఏటవాలుగా చెక్కవలెను. నడుమ కొంత చెక్కక విడిచిన, ముక్కలను సరిగా జతపరచుట సులభము.

2. ముక్కలను యాంగిల్ ఇనుములో వంకర లేకుండ బిగింపవలెను.

3. అతుకు చోటును 200 నుండి 300 డిగ్రీల సెంటిగ్రేడు వరకు నెమ్మదిగా కాచవలెను.

4. తక్కువ హైడ్రోజను గల 7018 రకపు ఎలక్ట్రోడులను ప్యాకెట్టుపై సూచించినట్లు ఆరబెట్టి వాడవలెను.

5. ఒకవైపు కొంత, ఎదుటివైపు కొంత అతుకుచు పోయిన షాఫ్టు వంగదు.

6. పిమ్మట పొడి బూడిదలో కప్పి తనంత చల్లారనీయవలెను. నీరు ఎంతమాత్రము పోయరాదు.

అతికిన చోట ఉక్కునకు మునుపటి పదను ఉండదు. కావున ఇట్టి అతుకును క్రొత్త షాఫ్టు వచ్చువరకు ఆధారముగా మాత్రమే ఎంచవలెను. ట్రాక్టరు స్టీరింగు, బ్రేకు భాగములు విరిగినచో అతుకక మార్చుటయే శ్రేయస్కరము. అచట ప్రాణములు ముడిపడియున్నవి. షాఫ్టు ఏల విరిగినదో గూడ చూడవలెను. అరిగిన బేరింగును, వంకరగా బిగించిన గానుగను సవరింపకున్న క్రొత్త షాఫ్టైనను విరుగక మానదు.