లండనులో నాలుగు రోజులు

వచ్చే వేసవి సెలవుల్లో మేము లండను పోతున్నాం. ఖర్చు ఇరవై ఏళ్ళ మేష్టరుగిరీలో కూడబెట్టినది. దానికి వచ్చేవి నాలుగు రోజులు. హైదరాబాదు వెళ్ళి వీసాకు వేలిముద్రలు ఇచ్చి వచ్చిన రాత్రే హనుమకొండలో మా ఇంట తగవు మొదలైంది.

"ముందు కోహినూరు" అంది మా ఆవిడ. అది మా భద్రకాళి అమ్మవారి కంటి మణి అని ఓరుగల్లులో చెప్పుకొంటారు లెండి.

"దానికి చరిత్రలో ఆధారం లేదే" అన్నాను.

"ఆధారం మీ దగ్గరే ఉంచుకోండి. నేను దణ్ణం పెట్టుకొని వస్తాను."

టవర్ ఆఫ్ లండనుకు టిక్కెట్టు కొనాలి. అయినా ఒక పూట రాసుకొన్నాను. బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. చెన్నపట్నంనుంచి ఓడెక్కిపోయిన మన అమరావతి శిల్పాలు అక్కడున్నాయి; వాటికి రోజంతా ఇచ్చినా చాలదు.

ఇక నా కోరిక. 1884లో లండనులో కన్నుమూసిన సి.పి. బ్రౌను దొర సమాధి కెన్సల్ గ్రీన్‌లో ఉంది. 1852లో అచ్చయిన ఆయన నిఘంటువు లేకపోతే నా ఎం.ఏ. గట్టెక్కేది కాదు.

"అంత దూరం పోయి వల్లకాడు చూస్తారా నాన్నా?" అంది అమ్మాయి. నేను మాట్లాడలేదు.

మర్నాడు చూద్దును గదా, తన పట్టికలో మూడోరోజు బజారు కొట్టేసి, 'నాన్న, బ్రౌను' అని రాసి ఉంది. పూలు మాత్రం అక్కడే కొనాలట. మన బంతిపూలు అందాకా ఆగవట.