బుతో నృత్యశిక్షణలో మాట – శరీరస్పృహ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

రెండవ ప్రపంచయుద్ధానంతరం జపాన్‌లో రూపుదిద్దుకున్న బుతో నృత్యాన్ని నియమాలు లేని తిరుగుబాటుగా, ఆవేశంలో తోచిన కదలికగా భావించడం పరిపాటి. ఈ నృత్యానికి కట్టుదిట్టమైన శిక్షణ ఉందనీ, అందులో ప్రధానసాధనం మాట అనీ తెలపడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. హిజికాత తత్సుమి, ఓనో కజువో, నొగుచి మిచిజోల శిక్షణారీతులను ఇందుకు పరిశీలించి, భారతీయ సాత్త్వికాభినయ భావనతో ఉన్న సామ్యభేదాలను సూచిస్తుంది.

కీలకపదాలు: బుతో, బుతో-ఫు, శరీరస్పృహ, భావచిత్రం, సాత్త్వికాభినయం.

1. ఉపోద్ఘాతం:

"బుతో" అనే జపనీయ పదంలో రెండు భాగాలున్నాయి. "బు" అంటే నాట్యం. "తో" అంటే నేలను తొక్కడం, అడుగువేయడం. ఒకప్పుడు జపాన్‌లో పాశ్చాత్య విందునృత్యాలను సూచించిన ఈ మాటను హిజికాత తత్సుమి (1928–1986) తన నాట్యానికి స్వీకరించాడు. దానికి ముందు "అంకోకు" చేర్చి "అంకోకు బుతో" అన్నాడు. చిమ్మచీకటి నాట్యమని దాని అర్థం.

1959 మే నెలలో టోక్యోలో జరిగిన "కిన్జికి" ప్రదర్శనను బుతోకు ఆరంభంగా చరిత్రకారులు గుర్తిస్తారు. మిషిమ యుకియో నవల పేరును గ్రహించిన ఈ చిన్న నృత్యంలో హిజికాతతో పాటు ఓనో యొషితో అనే యువకుడు నర్తించాడు. అరచీకటి రంగస్థలం, సజీవమైన కోడి, పురుషుల మధ్య కామం అనే ఇతివృత్తం నాటి ప్రేక్షకులను కలవరపరిచాయి. మరుసటి ఏడాది అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా జపాన్ వీధులు ఉద్యమాలతో హోరెత్తాయి. ఈ నేపథ్యం వల్ల బుతోను ధిక్కారంగా మాత్రమే చూసే దృష్టి బలపడింది. తెల్లరంగు పూసుకుని వంకరలు తిరిగిన దేహాలను హిరోషిమా విషాదానికి మాత్రమే ముడిపెట్టే వ్యాఖ్యానాలూ వచ్చాయి. ఈ రెండు దృష్టులూ నర్తకుడు పొందిన శిక్షణను పట్టించుకోలేదు.

2. నిలబడలేని కాళ్లు:

హిజికాత ఉత్తర జపాన్‌లోని అకితలో జన్మించాడు. జర్మన్ ఆధునిక నృత్యాన్ని అభ్యసించాకే దాన్ని కాదనుకున్నాడు. 1985లో చేసిన ఒక ప్రసంగంలో ఆయన తన ప్రాంతపు పసిపిల్లలను గుర్తుచేసుకున్నాడు. తల్లిదండ్రులు పొలంపనికి వెళ్తూ పిల్లలను గడ్డితో అల్లిన గంపల్లో కుదించి గట్టున ఉంచేవారు. సాయంత్రం బయటికి తీసేసరికి ముడుచుకుపోయిన కాళ్లు తిమ్మిరెక్కి నిలబడేవి కావు. బాలే నర్తకి నేలను విడిచి పైకి లేవడానికి సాధన చేస్తుంది. హిజికాత నర్తకులు మోకాళ్లు వంచి, బరువును కిందికి దించి, నేలకు దగ్గరగా కదిలారు. తన వశంలో లేని కాలు ఎలా ఉంటుందో తెలుసుకోవడం ఆ శిక్షణకు తొలిపాఠమైంది.

3. బుతో-ఫు: మాటలతో కూర్చిన నాట్యలిపి:

1970ల ఆరంభం నుంచి హిజికాత తాను నర్తించడం తగ్గించి, అషికావ యోకో మొదలైన శిష్యులకు నృత్యాలు కూర్చడంపై దృష్టి నిలిపాడు. 1972లో ప్రదర్శించిన నృత్యావళి ఈ దశకు ముఖ్యమైన మలుపు. టోక్యోలోని "ఆస్బెస్టాస్ కాన్" అనే సాధనాశాలలో ఆయన అడుగులు చేసి చూపడం కన్నా మాటలు చెప్పడమే ఎక్కువ. ఫ్రాన్సిస్ బేకన్, టర్నర్ వంటి చిత్రకారుల బొమ్మలను పుస్తకాల్లో అతికించి, పక్కన తన పదాలు రాసుకునేవాడు. ఆ పదాలను శిష్యులు తమ నోటుపుస్తకాల్లో ఎక్కించుకునేవారు. ఇలా ఏర్పడిన సంకేతరాశినే "బుతో-ఫు" అంటారు. "ఫు" అంటే లిపిబద్ధం చేసినది అని అర్థం. సంగీత స్వరలిపి ఏ స్వరం పలకాలో చెబుతుంది. బుతో-ఫు మాత్రం ఏ కదలిక చేయాలో చెప్పదు. శరీరం ఏ స్థితిలోకి మారాలో చెబుతుంది.

శిష్యుల గ్రంథాల ద్వారా తెలిసిన రెండు అభ్యాసాలు ఇందుకు నిదర్శనాలు. మొదటిది నడక. నర్తకుడి తలపై నీళ్లున్న పళ్లెం ఉంది. పాదాల కింద కత్తి అంచు ఉంది. కళ్లు గాజుగోళాలు. కీళ్ల మధ్య సాలీడు దారాలు వేలాడుతున్నాయి. వీటన్నింటినీ ఏకకాలంలో భరిస్తూ కదలాలి. పళ్లెం మీదే మనసు ఉంచితే పాదం మొరటవుతుంది. పాదం మీదే ఉంచితే తల ఊగుతుంది. కాబట్టి స్పృహ ఒకచోట నిలవకుండా శరీరమంతటా పరచుకోక తప్పదు.

రెండవది పురుగుల అభ్యాసం. ముందు చేతి వెనుక ఒక పురుగు పాకుతుంది. తరువాత మెడ మీద, తొడ లోపల, భుజం మీద మరికొన్ని పాకుతాయి. క్రమంగా అవి లెక్కకు మించి, చర్మరంధ్రాల గుండా లోపలి అవయవాలను చేరుతాయి. మొదటి పురుగును నర్తకుడు నటించి చూపగలడు. అయిదారు దాటాక నటించే తీరిక ఉండదు. "నేను కదులుతున్నాను" అనే భావన సడలి, శరీరం స్పందించడం మొదలవుతుంది. అభ్యాసపు ప్రయోజనం అదే.

4. ఓనో, నొగుచి మార్గాలు:

ఓనో కజువో (1906–2010) పద్ధతి భిన్నమైనది. 1929లో స్పానిష్ నర్తకి లా అర్హెంతీనా నాట్యం చూసిన అనుభవం దశాబ్దాల పాటు ఆయనలో నిలిచింది. 1977లో, డెబ్బై దాటిన వయసులో, ఆమెను స్మరిస్తూ ఆయన నర్తించిన ప్రదర్శనకు హిజికాత దర్శకత్వం వహించాడు. ఓనో తన శిష్యులకు కదలికలను నిర్దేశించలేదు. తల్లిగర్భం గురించి, పువ్వు గురించి, మృతుల గురించి మాట్లాడి, ఆపై స్వేచ్ఛగా నర్తించమనేవాడు. సాధనవేళ ఆయన పలికిన మాటలు తరువాత పుస్తకంగా వెలువడ్డాయి. హిజికాత మాట శరీరాన్ని కట్టడి చేస్తే, ఓనో మాట దాన్ని విడుదల చేసింది. ఇద్దరిలోనూ కదలికకు ముందున్నది మాటే.

నొగుచి మిచిజో (1914–1998) బుతో నర్తకుడు కాదు, వ్యాయామశిక్షకుడు. అయినా ఆయన పద్ధతిని పలువురు బుతో కళాకారులు స్వీకరించారు. శరీరం ద్రవంతో నిండిన తోలుసంచి అనీ, ఎముకలు, అవయవాలు అందులో తేలుతున్నాయనీ ఆయన భావించాడు. వెల్లకిలా పడుకున్నవారి పాదాలను మరొకరు పట్టి మెల్లగా ఊపితే, కండరాలు సడలినప్పుడు ఆ కదలిక అలలా తలవరకు సాగుతుంది. బిగువున్నచోట అల ఆగిపోతుంది. తనకు తెలియకుండా తాను ఎక్కడ బిగుసుకున్నాడో సాధకుడికి ఇలా తెలుస్తుంది. ఇక్కడ కూడా "సంచి" అనే ఒక్క రూపకమే శిక్షణకంతటికీ ఆధారం.

5. సాత్త్వికాభినయంతో సామ్యభేదాలు:

స్తంభం, స్వేదం, రోమాంచం, వేపథువు మొదలైన ఎనిమిది సాత్త్వికభావాలు మనస్సు ఏకాగ్రమైనప్పుడే సిద్ధిస్తాయని నాట్యశాస్త్రం చెబుతుంది. భావించినది దేహంలో దానంతటదే వ్యక్తం కావాలనే ఆశయం బుతోకూ ఉంది. అయితే నాట్యశాస్త్రంలో సాత్త్వికభావం స్థాయిని పోషించి రసానికి దారితీస్తుంది. బుతోలో శరీరస్థితికి శోకమనో, భయమనో పేరు పెట్టరు.

మాట విషయంలో భేదం మరింత స్పష్టం. కూచిపూడి నర్తకి పదం అభినయించేటప్పుడు సాహిత్యం ప్రేక్షకుడికి వినిపిస్తుంది. హస్తాలు, నేత్రాలు దాని అర్థాన్ని విస్తరిస్తాయి. బుతోలో నర్తకుడిని కదిలించిన మాట ప్రేక్షకుడి చెవిన పడదు. ఇంటికి పునాదిలా అది లోపలే ఉండిపోతుంది. బుతో నియమరహితమైనదనే భ్రమకు ఇదే ముఖ్యకారణం.

6. గురువు లేని పాఠం:

1986లో హిజికాత మరణంతో ఈ పద్ధతిలోని చిక్కు బయటపడింది. ఆయన అతికింపు పుస్తకాలు మిగిలాయి. కేయో విశ్వవిద్యాలయంలో 1998లో ఆయన పేరిట ఏర్పడిన భాండాగారం వాటిని భద్రపరిచింది. అదే ఏడాది శిష్యుడు వాగురి యుకియో తాను నేర్చిన బుతో-ఫును సీడీ రూపంలో వెలువరించాడు. కానీ పుస్తకంలోని పదం ఏ శరీరస్థితికి సంకేతమో, ఎంత వేగంతో, ఏ స్వరంతో చెప్పబడిందో కాగితం చెప్పదు. అది ఆ మాట విన్న శరీరాల్లోనే ఉంది. ఆ శిష్యులూ వృద్ధులవుతున్నారు, కొందరు గతించారు.

7. ముగింపు:

బుతో తిరుగుబాటే అయినా శిక్షణ లేని తిరుగుబాటు కాదు. భావచిత్రాల ద్వారా శరీరస్పృహను విస్తరింపజేయడం దాని పద్ధతి. ఇందులో మాట వర్ణనకు కాక, దేహాన్ని మార్చడానికి ఉపయోగపడింది. గురుముఖతః సాగే ఏ కళనైనా అధ్యయనం చేసే పరిశోధకులకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ప్రతులను సేకరించినంత మాత్రాన పని పూర్తికాదు. ఆ మాట విని కదిలినవారు జీవించి ఉండగానే, ఆ మాట తమ దేహంలో ఏం చేసిందో వారిచేత చెప్పించి నమోదు చేయాలి.